క్రొత్త దేశములో మొదటి కృతజ్ఞతార్పణ

పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 26:1–11, హెబ్రీయులకు 13:14–16





కోతపండుగ వచ్చినప్పుడు మన సంఘములలో జరుగు సంగతి మీరెరిగినదే. ఒకరు వరికంకుల కట్ట, ఒకరు జొన్నలు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు, ఏమియు లేని విధవరాలు కొంగున ముడివేసికొని వచ్చిన నాలుగు కోడిగ్రుడ్లు దేవుని మందిరమునకు తెచ్చి బల్లయెదుట ఉంచుదురు. ఆరాధన ముగిసిన పిమ్మట వాటిని వేలము వేయుదురు. పిల్లలకు అది గొప్ప సంబరము. పెద్దలకు అది మ్రొక్కుబడి తీర్చుకొను దినము.

అమెరికా దేశమున ఈ కోతపండుగకు తోబుట్టువువంటి పండుగ యొకటి కలదు. దానికి థాంక్స్‌గివింగ్ అని పేరు. కృతజ్ఞతాస్తుతులు చెల్లించు దినమని దాని భావము. ప్రతి సంవత్సరము నవంబరు నెల నాలుగవ గురువారమున దానిని ఆచరింతురు. దూరమున నున్న కుమారులు, కుమార్తెలు తలిదండ్రుల యింటికి చేరుదురు. టర్కీ కోడిని కాల్చి, బంగాళాదుంపలు ఉడికించి, గుమ్మడి గుజ్జుతో తీపి వంటకము చేసి, ఒకే బల్లచుట్టు కూర్చుందురు. భోజనమునకు ముందు తలలు వంచి ఆ సంవత్సరపు మేలులను తలంచుకొని దేవుని స్తుతించుట అక్కడి క్రైస్తవ కుటుంబముల మర్యాద. నేడు మన పల్లెలలో అనేకుల బిడ్డలు ఆ దేశమున కాపురముండుటచేత ఈ పండుగ పేరు మనకును వినబడుచున్నది.

అయితే ఈ పండుగలో ఒక చిక్కు కలదు. ఇది ఇంటికి చేరుకొను పండుగ. ఇల్లు విడిచి వచ్చినవారు దీనినెట్లు చేయుదురు?

ఒక కుటుంబమును మనస్సునకు తెచ్చుకొందము. తండ్రికి పని దొరకినందున వారు ఒహైయో రాష్ట్రమునుండి టెక్సాసు రాష్ట్రమునకు తరలి వచ్చిరనుకొనుడి. రెంటికి నడుమ ఇంచుమించు వెయ్యి మైళ్ల దూరము. సామాను మూటలు ఇంకను పూర్తిగా విప్పలేదు. గుడికి వెళ్లిరి గాని, అక్కడ వారి పేరు తెలిసినవారు లేరు. పండుగ దినము వచ్చెను. చిన్నవాడు, “అమ్మా, ఈ ఏడు నాయనమ్మ యింటికి పోమా?” అని అడిగెను. తల్లి పొయ్యివైపు తిరిగి కన్నులు తుడుచుకొనెను. అది చూచి తండ్రి, “పండుగపూట ఏడ్పు ఎందుకు? దేవుడు పని ఇచ్చెను, ఇల్లు ఇచ్చెను. స్తుతింపవలసిన దినమున కన్నీరు పెట్టుట కృతఘ్నత కాదా?” అనెను.

అతడు చెప్పిన మేలులు నిజమే. అయినను ఆ తల్లి కన్నీరు పాపమా? తడిసిన కన్నులతో చేయు స్తుతిని దేవుడు అంగీకరింపడా? ఇది వెయ్యి మైళ్ల అవతలి యింటి ప్రశ్న మాత్రమే కాదు. పుట్టింటినుండి అత్తవారింటికి వచ్చిన కోడలి ప్రశ్న ఇది. వానలు లేక ఊరు విడిచి, పనికొరకు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లిన కూలివాని ప్రశ్న ఇది. తుంగభద్ర కాలువల క్రింద సేద్యము చేయుటకు కన్నడ దేశమునకు వెళ్లి, క్యాంపులు కట్టుకొని నిలిచిన తెలుగు రైతుల మొదటి కోతనాటి ప్రశ్న ఇదియే. కనుక దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నదో చూతము.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము సరిగా ఇట్టివారి కొరకు వ్రాయబడినది. ఇశ్రాయేలీయులు ఇంకను యొర్దాను దాటలేదు. వారికి ఇల్లు లేదు, పొలము లేదు. అప్పుడే మోషే వారితో, మీరు ఆ దేశమున ప్రవేశించి, నివసించి, మొదటి పంట కోయునప్పుడు ఏమి చేయవలెనో వినుడని చెప్పుచున్నాడు. ప్రథమఫలములను గంపలో పెట్టుకొని దేవుడు ఏర్పరచుకొను స్థలమునకు రావలెను. యాజకుడు ఆ గంపను తీసికొని బలిపీఠము ఎదుట ఉంచును. ఆ తరువాత ఆరాధకుడు తన పితరుల కథ చెప్పవలెను. పిమ్మట తన యింటివారితోను, లేవీయునితోను, తన మధ్యనున్న పరదేశితోను కలిసి సంతోషింపవలెను. తరలి వచ్చినవారి కృతజ్ఞతార్పణకు దేవుడు నియమించిన క్రమమిది. ఇందులో మూడు సంగతులు కలవు.

1. నీ కథను దాచక చెప్పుము

గంప తెచ్చిన రైతు ఏమి చెప్పవలెనని దేవుడు నేర్పెను? “నా పొలము మంచిది, నా చేతులు బలమైనవి” అని కాదు. తన పితరుడు స్థిరమైన నివాసము లేక తిరిగిన అరామీయుడని చెప్పవలెను. కొద్దిమందిగా ఐగుప్తునకు వెళ్లితిమనియు, అక్కడ బాధింపబడితిమనియు, మొరపెట్టితిమనియు, యెహోవా తమ కష్టమును చూచెననియు చెప్పవలెను. గమనించితిరా? ఆ స్తుతిలో కన్నీటి మాటలు తీసివేయబడలేదు. పంట తెచ్చిన దినముననే దాస్యమును జ్ఞాపకము చేసికొనవలెనని ఆజ్ఞ. బలిపీఠమునెదుట ఏడ్పు కథ చెప్పినవాడు కృతఘ్నుడు కాడు. ఆ కథ చెప్పనివాని స్తుతియే సగము స్తుతి.

ఈ పండుగను అమెరికా దేశమంతటికి ఒకే దినముగా ప్రకటించినవాని జీవితమే ఇందుకు దృష్టాంతము. అబ్రహాం లింకన్ 1809 సంవత్సరమున కెంటకీ రాష్ట్రములో ఒక బీద రైతు యింట జన్మించెను. భూమి హక్కుల వ్యాజ్యములచేత విసిగిన తండ్రి, 1816 డిసెంబరులో ఆలిబిడ్డలను వెంటబెట్టుకొని ఒహైయో నది దాటి ఇండియానాకు తరలిపోయెను. ఆ నెలలోనే ఇండియానా క్రొత్త రాష్ట్రముగా ఏర్పడెను. లింకన్ అప్పుడు ఏడేండ్ల బాలుడు. వారి ముందున్నది దట్టమైన అడవి. చెట్లు నరికితేనే గాని నాగలి సాగదు. రెండు సంవత్సరములైనను నిండకముందే, 1818 అక్టోబరులో, తల్లి నాన్సీ మరణించెను. ఒక విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగుటవలన వచ్చు జబ్బు అది. ఆ కాలమున దాని కారణము ఆ ప్రాంతపు వారికి తెలియదు. బ్రతుకుదెరువు కొరకు వచ్చిన చోటనే తల్లిని పాతిపెట్టిరి. మరుసటి సంవత్సరము తండ్రి కెంటకీకి వెళ్లి, సారా అను విధవరాలిని పెండ్లాడి తెచ్చెను. ఆమె తన ముగ్గురు బిడ్డలతో వచ్చి, తల్లిలేని ఆ పిల్లలనుకూడ తన పిల్లలవలెనే పెంచెను. లింకన్ ఆమెను జీవితాంతము ప్రేమించెను.

ఆ బాలుడు పెరిగి దేశాధ్యక్షుడాయెను. దేశము రెండుగా చీలి అన్నదమ్ములు యుద్ధము చేయుచున్న కాలమది. 1862 ఫిబ్రవరిలో అతని పదకొండేండ్ల కుమారుడు విల్లీ జ్వరముతో చనిపోయెను. 1863 జూలైలో గెటిస్‌బర్గునొద్ద మూడు దినములు జరిగిన పోరులో ఇరుపక్షముల వారు చచ్చినవారు, గాయపడినవారు, కనబడకపోయినవారు కలిసి ఇంచుమించు 50,000 మంది. ఆ సంవత్సరమే అక్టోబరు 3వ తేదీన లింకన్ పేరట ప్రకటన వెలువడెను. నవంబరు నెల చివరి గురువారమున దేశమంతయు దేవునికి కృతజ్ఞతలు చెల్లింపవలెనని దాని సారాంశము. సారా జోసెఫా హేల్ అను పత్రికా సంపాదకురాలు అనేక సంవత్సరములు పట్టు విడువక కోరిన కోరిక ఆ దినమున నెరవేరెను. అంతకుముందు 1789లో జార్జి వాషింగ్టన్ ఒక దినమును ప్రకటించియున్నను, ఏటేట దేశమంతట ఒకేసారి ఆచరించుట లింకన్ కాలమునుండియే స్థిరపడెను. నాలుగవ గురువారమని చట్టము 1941లో వచ్చెను.

1863 నాటి ఆ ప్రకటనలో పంటలు పండెనని, గనులు ఫలించెనని స్తుతి కలదు. దానితోపాటు, జనులు తమ అవిధేయతకు పశ్చాత్తాపపడవలెననియు, విధవరాండ్రను, అనాథలను, దుఃఖించువారిని దేవుని చేతికి అప్పగింపవలెననియు కూడ కలదు. పండుగ ప్రకటనలోనే కన్నీటికి చోటు దొరికెను. అమెరికావారి బల్లలపై అనేక దినములుగా మరచిపోబడిన సంగతి ఇది.

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు వ్రాయుచు, ప్రతి స్థితియందును కృతజ్ఞత చూపుమని చెప్పెను. జరిగిన ప్రతి కీడును మేలని పిలువుమని చెప్పలేదు. మరణము మేలు కాదు. ఎడబాటు మేలు కాదు. అప్పులవలన ఊరు విడుచుట మేలు కాదు. వాటిని మేలని అబద్ధమాడుట స్తుతి కానేరదు. అయితే వాటి మధ్యను దేవుడు విడువలేదని చెప్పుట స్తుతి. గనుక ఆ తండ్రి ఏమి చేయవలసియుండెను? భార్య ఏడ్పు మాన్పుటకు మేలుల జాబితా చదువుట మాని, “నాయనమ్మ యింటి సంగతి బిడ్డలకు నీవే చెప్పుము, విడిచి వచ్చినదానికొరకుకూడ దేవుని స్తుతింతము” అని అనవలసియుండెను. ఎవరిని పోగొట్టుకొన్నందుకు ఏడ్చుచున్నామో వారును దేవుడిచ్చిన దానమే గదా. ఆ కన్నీరు ఆ దానము ఎంత గొప్పదో తెలుపుచున్నది.

2. నీ గంపను దింపుము

రెండవది, చెప్పుటతో చాలదు, గంప దింపవలెను. ప్రథమఫలము అనగా గాదెలు నిండిన తరువాత మిగిలినది కాదు. ఇంకను పంట పూర్తిగా చేతికి రాకముందు, ఏమి వచ్చునో తెలియకముందు, మొదట దొరికినదానిలోనుండి ఇచ్చునది. అది నమ్మకముతో ఇచ్చు అర్పణ.

అబ్రాహామును చూడుడి. ఆదికాండము 12వ అధ్యాయములో అతడు షెకెమునకు వచ్చెను. ఆ దేశమున అతనికి అడుగు పెట్టునంత నేలయైనను లేదు. కనానీయులు అప్పుడు అక్కడ నివసించుచుండిరి. అయినను అతడు బలిపీఠము కట్టెను. బేతేలునకు కదిలిన తరువాత గుడారము వేసి అక్కడను బలిపీఠము కట్టెను. అతని ఇల్లు గుడారము, దానిని పెరికివేయవచ్చును. బలిపీఠము రాళ్లతో కట్టినది. మనము తరచుగా తల్లక్రిందులుగా చేయుదుము. ఇల్లు రాతితో కట్టుకొని, ప్రార్థనను గుడారమువలె ఎప్పుడైనను ఎత్తివేయుదుము. “ముందు ఇల్లు కుదురుపడనిమ్ము, అప్పు తీరనిమ్ము, తరువాత గుడికి పోదము, తరువాత కుటుంబ ప్రార్థన మొదలు పెట్టుదము” అని చెప్పుచు సంవత్సరములు గడుపుదుము. క్రొత్త చోట మొదటి వారమున మొదలు కాని ప్రార్థన పదియవ సంవత్సరమున మొదలగుట కష్టము.

అమెరికావారు తమ పండుగకు మూలముగా చెప్పుకొను 1621 నాటి విందును కూడ చూడుడి. ఇంగ్లండు దేశపు సంఘాచారములకు లోబడలేక, కొందరు విశ్వాసులు 1608లో హాలండు దేశమునకు పారిపోయి, మరుసటి సంవత్సరము లైడెన్ పట్టణమున చేరిరి. అక్కడ పదకొండు సంవత్సరములు పరదేశులుగా బ్రతికిరి. వారిలో కొందరు 1620లో మేఫ్లవర్ అను ఓడనెక్కి, మరికొందరితో కలిసి 102 మంది ప్రయాణికులుగా అట్లాంటిక్ మహాసముద్రము దాటిరి. వారి కాపరియైన జాన్ రాబిన్‌సన్ మిగిలిన మందతో లైడెనులోనే నిలిచెను. అతడు వారిని మరల చూడకయే 1625లో చనిపోయెను. ఓడ ఒడ్డున లంగరు వేసియుండగా, తరువాత వారికి గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ భార్య డోరతీ నీట పడి మరణించెను. వారి చిన్న కుమారుడు హాలండులోనే ఉండెను. మొదటి చలికాలము గడచునప్పటికి వచ్చినవారిలో ఇంచుమించు సగముమంది సమాధులలో నుండిరి.

మిగిలినవారు వసంతమున విత్తనములు చల్లిరి. ఆ కోత ఎట్లుండెనో వారిలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరములో వ్రాసెను. ఇరువది ఎకరముల మొక్కజొన్న బాగుగా పండెను. బార్లీ ఒక మోస్తరుగా వచ్చెను. బటానీలు పూతలోనే ఎండకు మాడి, కోయుటకైనను పనికిరాక పోయెను. ఒకటి పండెను, ఒకటి సగము, ఒకటి పోయెను! ప్రియులారా, మెట్ట సేద్యము చేయువారలారా, ఇది మీరెరుగని లెక్కయా? కంది నిలిచెను, మిరప సగము వచ్చెను, ప్రత్తి పోయెను. ఇట్టి సంవత్సరములే మనకు ఎక్కువ. మూడును పండిన దినమున స్తుతింతునని కాచుకొనువాడు జీవితమంతయు కాచుకొనియుండును. వారు పోయిన బటానీల నిమిత్తము పండిన మొక్కజొన్నను మరువలేదు. పండినదాని గంపను దింపిరి.

3. నీ బల్లను పెద్దది చేయుము

మూడవది, దేవుడు ఆ ఆరాధకుని ఒంటరిగా భుజింపనియ్యలేదు. లేవీయుడును పరదేశియు నీతోకూడ సంతోషింపవలెనని ఆజ్ఞాపించెను. లేవీయునికి పొలము లేదు. పరదేశికి బంధువులు లేరు. పంట లేనివాడు, పరిచయము లేనివాడు బల్లయొద్ద లేనియెడల ఆ పండుగ దేవుని క్రమము ప్రకారము పండుగ కాదు.

1621 నాటి ఆ విందులో ఎవరెవరు కూర్చుండిరి? వలస వచ్చి బ్రతికి మిగిలినవారు ఇంచుమించు ఏబది మంది. ఆ దేశపు మొదటి నివాసులైన వాంపనోయాగ్ జనులు తొంబది మంది, వారి నాయకుడు మాససోయిట్. మూడు దినములు కలిసి భుజించిరి. వచ్చిన ఆ జనులు ఐదు జింకలను వేటాడి తెచ్చి ఇచ్చిరి. మొక్కజొన్నను ఆ నేలలో ఎట్లు నాటవలెనో, చేపలను ఎరువుగా ఎట్లు వేయవలెనో వలసవారికి నేర్పినవాడు టిస్క్వాంటం అను మనుష్యుడు. అతని కథ వినుడి. 1614లో ఒక ఆంగ్ల ఓడవాడు అతనిని మోసముతో పట్టుకొని స్పెయిను దేశమున అమ్మజూపెను. అతడు అక్కడనుండి ఇంగ్లండు చేరి, 1619లో తన ఊరికి తిరిగి రాగా, తెగులువలన తన ఊరివారందరు చనిపోయి ఊరు పాడుపడియుండెను. ఆ పాడైన ఊరి నేలమీదనే వలసవారు తమ ప్లిమత్ గ్రామమును కట్టుకొనిరి. సర్వము పోగొట్టుకొన్నవాడు, తన ఊరి నేలమీదికి వచ్చిన అన్యులకు అన్నము పండించుట నేర్పెను.

ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచింపవలెను. ఆ బల్లయొద్ద ఎవరు పరదేశి? ఎవరు ఇంటివారు? స్తుతి పాడినవారే పరదేశులు. వారికి ఆతిథ్యమిచ్చినవారే ఇంటివారు. ఆ స్నేహము ఎంతకాలము నిలిచెను? మాససోయిట్ బ్రతికినంతకాలము సమాధానముండెను. అతని కుమారుడు మెటకోమ్ కాలమున, 1675లో ఘోరమైన యుద్ధము పుట్టెను. 1676లో అతడు చంపబడెను. అతని కుమారుని బానిసగా అమ్మివేసిరి. ఒకే బల్లయొద్ద భుజించినవారి తరువాతి తరము కథ ఇట్లు ముగిసెను. అందుచేత 1970 సంవత్సరమునుండి ఆ జనుల సంతతివారు థాంక్స్‌గివింగ్ దినముననే ప్లిమతులో కూడి దానిని దుఃఖ దినముగా ఆచరించుచున్నారు. ఒకరి పండుగ మరియొకరికి సంతాపదినమాయెను.

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే ముందుగానే హెచ్చరించెను. తిని తృప్తిపొంది, మంచి ఇండ్లు కట్టుకొని, మందలు వృద్ధియైనప్పుడు, నీ మనస్సు గర్వించి దేవుని మరచెదవేమో జాగ్రత్త అని చెప్పెను. దేవుని మరచినవాడు మేలు చేసిన మనుష్యునికూడ మరచును. పరిసయ్యుని ప్రార్థనను లూకా 18వ అధ్యాయములో చదివితిమి. అతడును దేవునికి కృతజ్ఞతలు చెప్పెను. అయితే ఇతరులవలె తాను లేనందుకు చెప్పెను. ప్రక్కవానిని చిన్నచేసి చేయు స్తుతి ఇంటికి తిరిగిపోవును గాని పరలోకమునకు చేరదు.

ఇది మనకు దూరపు కథ కాదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వచ్చినప్పుడు ఎన్ని మెట్టపొలములు మాగాణులాయెను! ఆ నీటికొరకు స్తుతించుట న్యాయమే. అయితే ఆ జలాశయము క్రింద ఊళ్లు మునిగినవారు, తమ పితరుల సమాధులను విడిచి లేచిపోయినవారును కలరు. కాలువ క్రింద మొదటి వరికంకిని మందిరమునకు తెచ్చువాడు వారిని ప్రార్థనలో పేర్కొనెనా? మన అన్నములో ఇతరుల నష్టము ఎంత కలిసియున్నదో తలంచుకొనుట స్తుతిని తగ్గించదు. అది స్తుతిని సత్యమైనదిగా చేయును, చేతులను తెరచును.

ఇప్పుడు మన సంఘమునుగూర్చి ఆలోచించుడి. మిరపకోతలకు పరజిల్లాలనుండి వచ్చిన కూలివారు మన పొలముగట్లమీద గుడిసెలు వేసికొని యుండుటలేదా? వారిలో ప్రభువును నమ్మినవారు కలరు. ఆదివారమున వారు వచ్చి వెనుక చాపమీద కూర్చుండి, ఎవరును పలుకరింపక ముందే లేచిపోవుచున్నారా? క్రొత్తగా వచ్చిన కుటుంబమును చూచి మన నోట మొదట వచ్చు ప్రశ్న ఏది? “మీరెవరివారు? ఏ పేటవారు?” అని అడుగుటకు ముందు, “భోజనము చేసితిరా?” అని అడుగుడి. ఆ ఒక్క మాటలో ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ నెరవేరును. ఒహైయోనుండి వచ్చిన ఆ కుటుంబమునకును ఇదే ఔషధము. బల్లయొద్ద నాయనమ్మ స్థానము ఖాళీగా నున్నది. ప్రక్క యింట ఒంటరిగా నున్న వృద్ధురాలిని పిలిచి ఆ కుర్చీలో కూర్చుండబెట్టుడి. ఆమె నాయనమ్మ కాదు, కాజాలదు. అయినను బిడ్డలకు ఆ దినమునుండి ఆ ఊరిలో ఒక మనిషి దొరుకును; ఆమెకు ఒక కుటుంబము దొరుకును. మన బిడ్డలు ఆ దేశమున ఒంటరిగా నున్నప్పుడు ఏ తల్లియైనను వారిని తన బల్లకు పిలిచిన యెడల మన హృదయము ఎంత సంతోషించును! మన ఊరికి వచ్చిన పరాయి బిడ్డ తల్లియు అట్లే సంతోషించును.

పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైనప్పుడు తిరిగివచ్చి ప్రభువు పాదములయొద్ద సాగిలపడినవాడు ఒక్కడే. అతడు సమరయుడు, అన్యుడు. పరదేశిని మన బల్లకు పిలుచుట వానికి మేలు చేయుటకు మాత్రమే కాదు. స్తుతి ఎట్లు చేయవలెనో వానియొద్ద మనము నేర్చుకొనవలసియుండును.

మన ప్రభువు బల్ల

కట్టకడపట మన ప్రభువును చూతము. ఆయన పశువులతొట్టిలో పరుండబెట్టబడెను. శిశువుగానే ఐగుప్తునకు తరలిపోయెను. పెద్దవాడైన తరువాత తల వాల్చుకొనుటకు స్థలము లేదని ఆయనే చెప్పెను. ఆయన చేసిన చివరి పండుగ భోజనము సొంత యింటిలో జరుగలేదు; మరియొకని మేడగదిలో జరిగెను. ఆ రాత్రియే శిష్యుడు ఆయనను అప్పగింపబోవుచుండెను. కొన్ని గడియలలో గెత్సేమనే తోటలో ఆయన చెమట రక్తబిందువులవలె నేల పడబోవుచుండెను. ఆ రాత్రి ఆయన రొట్టెను పట్టుకొని ఏమి చేసెను? కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. పిమ్మట విరిచి ఇచ్చెను. మనము ప్రభురాత్రి భోజనమునకు వచ్చు ప్రతిసారియు ఆ స్తుతిలో పాలివారమగుచున్నాము. కన్నీటితో చేయు స్తుతిని దేవుడు అంగీకరించునా అని మొదట అడిగితిమి. తన కుమారుడు చేసిన స్తుతియే అట్టిది. ఇక సందేహమేల?

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయములో మూడు వచనములు ఒకదాని ప్రక్క ఒకటి నిలిచియున్నవి. ఇక్కడ మనకు శాశ్వతమైన పట్టణము లేదు, రాబోవుదానికొరకు చూచుచున్నామని మొదటిది. గనుక ఆయనద్వారా ఎల్లప్పుడు స్తుతియాగము అర్పింతమని రెండవది. ఉపకారము చేయుటయు, మనకున్నది పంచుకొనుటయు మరువవద్దని మూడవది. ఇల్లు లేకపోవుట, స్తుతి, పంచుకొనుట అను మూడును ఒకే చోట కలవు. దేశము మారినవారును, పుట్టిన ఊరిలోనే ముసలివారైనవారును దేవుని యెదుట ఒక్కటే. అందరము ప్రయాణికులమే. తన గ్రామములో తాత కట్టిన యింటిలో నిద్రించువాడును ఒకనాడు ఆ యింటి గడప దాటింపబడును. అప్పుడు మనలను ఎదురుకొని లోనికి పిలుచు ప్రభువు, పరదేశినైన నన్ను చేర్చుకొంటిరా అని అడుగును. మత్తయి 25వ అధ్యాయము చదువుడి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మూడు పనులు చేయుడి. ఒక సాయంకాలము యింటి పెద్దలు తాము ఎక్కడనుండి వచ్చితిరో, ఏ కష్టములలో దేవుడు నడిపించెనో పిల్లలకు చెప్పవలెను. పోయినవారి పేరులను చెప్పుటకు సంకోచపడవద్దు. రెండవది, పంట పూర్తిగా ఇంటికి చేరకముందే, గంపెడైనను దోసెడైనను దేవుని భాగము వేరుచేసి ఉంచవలెను. మూడవది, మన ఊరికి క్రొత్తగా వచ్చిన ఒక కుటుంబమును కోతపండుగ దినమున మీ యింటికి భోజనమునకు పిలువవలెను. దూరదేశముననున్న మీ బిడ్డలకు ఉత్తరము వ్రాయునప్పుడును, ఫోనులో మాటలాడునప్పుడును ఈ మూడు సంగతులనే వారికి చెప్పుడి.

ప్రార్థన

మా తండ్రీ, మేము నీయెదుట పరదేశులము. విడిచి వచ్చినదానికొరకు మేము ఏడ్చినప్పుడు మమ్మును గద్దింపక ఆలకించితివి, నీకు స్తోత్రము. పండినదానికొరకు స్తోత్రము, పండనిదానిని నీ చేతికి అప్పగించుచున్నాము. దూరమున ఒంటరిగా నున్న మా బిడ్డలకు బల్లయొద్ద ఒక చోటు దయచేయుము. మా ఊరికి వచ్చిన పరాయి బిడ్డలకు మా బల్లయొద్ద చోటిచ్చు హృదయము మాకు దయచేయుము. స్థిరమైన పునాదులుగల నీ పట్టణము చేరువరకు మా గంపలను, మా కన్నీటిని, మా స్తుతిని యేసుక్రీస్తు ప్రభువు ద్వారా అంగీకరింపుము.

ఆమేన్.